పాడ్‌కాస్టులు వింటే వెబ్ డెవలప్‌మెంట్ వస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఫ్రంట్ ఎండ్ పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఏ పాడ్‌కాస్ట్ వినమంటారు?" నేను హైదరాబాద్‌లో వెబ్ పని చేస్తాను. తెలిసినవాళ్ల తెలుగు పాడ్‌కాస్టులకు సైటు, ఫీడ్ (ఎపిసోడ్ల జాబితాను యాప్‌లకు అందించే ఫైల్) పని కూడా చూస్తుంటాను. వినడం మానేయమని ఎవరికీ చెప్పను. కాకపోతే వీటి మీద పెట్టుకునే ఆశల్లో కొన్ని తప్పు, వాటివల్ల పిల్లల టైమ్ వృథా అవుతోంది.

అపోహ: రోజూ గంటసేపు వింటే కోడింగ్ దానంతట అదే వచ్చేస్తుంది.

రాదు. కోడ్ కంటితో చూసి, చేత్తో మార్చి నేర్చుకునేది. ఒక ఉదాహరణ చూడండి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో, బాక్సులను వరసగా సర్దే పద్ధతి ఫ్లెక్స్‌బాక్స్. అందులో వరసగా మూడు కార్డులు పెట్టారు. మధ్య కార్డులో ఓ పొడవాటి పదం పడింది. ఆ కార్డు పక్కవాటిని నెట్టేసి స్క్రీన్ దాటిపోయింది. ఎందుకంటే ఫ్లెక్స్ ఐటెమ్‌కి, అంటే ఇక్కడ కార్డుకి, మిన్-విడ్త్ (కనీస వెడల్పు) డీఫాల్ట్‌గా 'ఆటో' ఉంటుంది. లోపలి పదం ఎంత వెడల్పో అంతకన్నా అది తగ్గదు. మిన్-విడ్త్ 0 ఇస్తే కార్డు సర్దుకుంటుంది. పదం కూడా విరగాలంటే ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి బ్రేక్-వర్డ్ ఇవ్వాలి.

చదువుతుంటేనే ఒకటికి రెండుసార్లు వెనక్కి వెళ్లాల్సి వస్తోంది కదా! అదే మాట మెట్రోలో నిలబడి ఉండగా చెవిలో పడితే ఏం నిలుస్తుంది? డెవ్‌టూల్స్ (బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ పరికరాలు) తెరిచి ఆ విలువ ఒక్కసారి మార్చి చూసినవాళ్లు మాత్రం మర్చిపోరు.

మరి పాడ్‌కాస్ట్ దేనికి? 'ఎలా' అన్నదానికి కాదు, 'ఎందుకు' అన్నదానికి. క్రిస్ కొయర్, డేవ్ రూపర్ట్ 2012 నుంచి చేస్తున్న షాప్‌టాక్ షో, వెస్ బాస్, స్కాట్ టొలిన్‌స్కీ 2017లో మొదలుపెట్టిన సింటాక్స్ లాంటివి నేను అందుకే వింటాను. ఒక ఫ్రేమ్‌వర్క్ ఎందుకు వదిలేశారు, క్లయింట్‌కి డబ్బు సంగతి ఎలా చెప్పారు, యాక్సెసిబిలిటీని (వికలాంగులు కూడా సైటు వాడగలిగేలా చేయడాన్ని) చివరికి వాయిదా వేస్తే ఏమవుతుంది... ఇలాంటివి అనుభవం ఉన్నవాళ్లు మాట్లాడుకుంటుంటేనే తెలుస్తాయి. ఇంకో లాభం, సమస్య పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తే వెతుక్కోవచ్చు.

అపోహ: పేరున్న ఇంగ్లీష్ షోలు వింటే ఇంకేమీ అక్కర్లేదు.

తెలుగులో సైట్లు చేసేవాళ్లకు ఇది అసలు సరిపోదు. మన లిపి ఇబ్బందులు ఆ షోలలో దాదాపు వినపడవు. లైన్-హైట్ (ఒక్కో వరసకు ఇచ్చే ఎత్తు) 1.2 పెట్టి, ఎత్తు ఫిక్స్ చేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి వచ్చింది దాచెయ్యి అని) ఇచ్చిన బటన్‌లో 'రాష్ట్రం' అని రాసి చూడండి. చాలా ఫాంట్లలో కింది ఒత్తులు తెగిపోతాయి. తెలుగుకు నేను లైన్-హైట్ 1.6 కన్నా తగ్గించను. బటన్‌కి ఎత్తు ఇవ్వను, ప్యాడింగే ఇస్తాను.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. 'స్త్రీ' అనేది కంటికి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌లో దాని లెంగ్త్ అడిగితే 6 అంటుంది, ఎందుకంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం విడివిడిగా లెక్కలోకి వస్తాయి. హెడ్‌లైన్‌ని ఇరవై అక్షరాల దగ్గర స్లైస్ చేసి చుక్కలు పెట్టే కోడ్ ఇంగ్లీష్‌లో బాగానే నడుస్తుంది. తెలుగులో మాత్రం సంయుక్తాక్షరం మధ్యలో నరికి పొల్లు మిగిల్చిపోతుంది. స్క్రిప్ట్‌తో కోయకుండా సీఎస్ఎస్ లైన్-క్లాంప్‌కి (ఇన్ని వరసల తర్వాత ఆపెయ్యమనే నియమం) వదిలేయడం మేలు. ఈ సంగతులు మనం మన పాడ్‌కాస్టుల్లో మాట్లాడుకోవాలి. మన తరఫున ఎవరో వచ్చి మాట్లాడరు.

అపోహ: ప్రొడక్టివిటీ షోలో చెప్పిన పద్ధతి ఉన్నదున్నట్టు పాటిస్తే పని పెరుగుతుంది.

ముందు వాళ్లు ఏం చెప్పారో సరిగ్గా వినాలి. ఇన్‌బాక్స్ జీరో అంటే మెయిల్ మొత్తం ఖాళీ చేయడం అనుకుంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన మెర్లిన్ మాన్ చెప్పింది వేరు. మీ బుర్రలో ఎంత భాగం ఆ ఇన్‌బాక్స్‌లో చిక్కుకుపోయిందన్నది ఆయన లెక్క, మెయిళ్ల సంఖ్య కాదు. 25 నిమిషాలు పని, తర్వాత చిన్న విరామం అనే పొమొడోరో సంగతీ అంతే. ఫ్రాన్సెస్కో చిరిల్లో 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారంలో ఉన్న కిచెన్ టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది. 25 నిమిషాలన్నది మెదడుకు సంబంధించిన నియమమేమీ కాదు. చిన్న చిన్న పనులకు బాగుంటుంది. పెద్ద బగ్ వెతుకుతున్నప్పుడు, ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తోందో తలకెక్కేసరికే గంట మోగుతుంది. అప్పుడు టైమర్ ఆపేయడమే మంచిది.

ఆ షోలు చేసేవాళ్లలో చాలామంది సొంతంగా పనిచేసుకునేవాళ్లు. వాళ్ల రోజు వాళ్ల చేతిలో ఉంటుంది. హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్‌కి పనిచేసేవాళ్ల రోజు అలా ఉండదు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాల్స్ అయ్యేసరికి రాత్రి అవుతుంది. ఆ షోలలో చెప్పారని అలాంటివాళ్లు తెల్లవారుజామున 5కి లేవడం మొదలుపెడితే నిద్ర కరువవడం తప్ప ఒరిగేదేమీ లేదు. మనకున్న వెసులుబాటు వేరు: మన పగలంతా అక్కడివాళ్లు నిద్రలో ఉంటారు, మెసేజ్‌లు రావు. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఇక్కడి మీటింగులు కూడా పెట్టుకోకుండా కోడ్‌కే ఉంచుకోండి. మా టీమ్‌లో ఏ యాప్ కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది.

అపోహ: పాత ఎపిసోడ్లు దండగ.

టూల్స్ మీద మాట్లాడినవైతే తేదీ చూసుకోవాలి. 2024 మార్చిలో, సైటు వాడకం ఎలా ఉందో కొలిచే గూగుల్ కొలమానాలైన కోర్ వెబ్ వైటల్స్‌లో, నొక్కితే పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో చూసే ఎఫ్ఐడీ స్థానంలో ఐఎన్‌పీ వచ్చింది. రియాక్ట్ ప్రాజెక్టులు మొదలుపెట్టడానికి వాడే క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టారు. హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి), క్యాషింగ్ (ఒకసారి తెచ్చింది దాచుకుని మళ్లీ వాడటం), ఫారాల గురించి ఎప్పుడో చెప్పినవి ఇప్పటికీ చాలావరకు పనికొస్తాయి.

అపోహ: పాడ్‌కాస్ట్ అంటే ఏదో ఒక యాప్‌లో దొరికే సరుకు.

కొన్ని షోలు ఒకే యాప్‌కి పరిమితమైన మాట నిజమే. మిగతావి దాదాపు అన్నీ ఆర్ఎస్ఎస్ ఫీడ్ మీద నడుస్తాయి. అదొక మామూలు ఎక్స్ఎంఎల్ ఫైల్, అంటే ట్యాగులతో రాసిన టెక్స్ట్. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు దానివల్ల షోలు పోలేదు, శ్రోతలు తమ సబ్‌స్క్రిప్షన్లు వేరే యాప్‌కి తీసుకెళ్లారు. ఫీడ్ ఏ యాప్ సొత్తూ కాదు కాబట్టే అది కుదిరింది.

అందుకే వినే పిల్లలకు నేనిచ్చే మొదటి ప్రాజెక్ట్ కూడా ఇదే: మీకు నచ్చిన షో ఫీడ్ తీసుకుని, ఎపిసోడ్ల జాబితా చూపించే పేజీ కట్టండి. బ్రౌజర్ నుంచి నేరుగా ఫెచ్ చేస్తే చాలా ఫీడ్లు కార్స్ (వేరే సైటు డేటాను అనుమతి లేకుండా చదవనివ్వని బ్రౌజర్ నియమం) దగ్గర ఆగిపోతాయి. సర్వర్ ఎందుకు కావాలో అక్కడ తెలుస్తుంది. ప్రతి ఐటెమ్‌లో ఎన్‌క్లోజర్ ట్యాగ్ ఉంటుంది. అందులో ఆడియో లింకు, బైట్లలో సైజు, ఫైల్ రకం ఉంటాయి. నిడివి ఒక ఫీడ్‌లో 3725 అని సెకన్లలో, ఇంకో ఫీడ్‌లో 1:02:05 అని ఉంటుంది. రెండూ చెల్లుతాయి, మీ కోడ్ రెండింటినీ తట్టుకోవాలి. ఎపిసోడ్‌ను గుర్తుపట్టడానికి టైటిల్‌ను వాడకండి, తర్వాత మార్చేస్తారు. ఆడియో లింకు కూడా హోస్టింగ్ మారితే మారిపోతుంది. ఎపిసోడ్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తు అయిన జీయూఐడీ ట్యాగ్‌నే కీగా పెట్టుకోండి. రేపు మీరే ఒక షో నడిపితే ఆ జీయూఐడీలను ముట్టుకోవద్దు, మార్చితే పాత ఎపిసోడ్లన్నీ కొత్తవిలా శ్రోతల ఫోన్లలో మళ్లీ వచ్చిపడతాయి.