ఒకే ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. దక్షిణ చైనాలో, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో, 19వ శతాబ్దపు కమ్మరులు వాటిని చక్కగా ఇమిడ్చారు. చైనీయులు హుడియేదావ్ అనే ఈ జంట కత్తులు బయట బటర్‌ఫ్లై స్వోర్డ్స్‌గా ప్రసిద్ధం. కిటుకంతా పిడిలో ఉంది. ఒక్కో పిడి లోపలివైపు చదునుగా, బయటివైపు గుండ్రంగా ఉంటుంది. రెండూ ఆనించి పెడితే ఒకే కత్తి అనుకుంటాం. ఒక్క చేత్తో దూసి, క్షణంలో రెండు చేతులకూ పంచుకోవచ్చు.

అలుగు పొడవు ఇంచుమించు అడుగు, పదును ఒకవైపే. ఇంత పొట్టిగా ఎందుకు? కత్తిని తిప్పడం ఎంత కష్టమన్నది దాని బరువు మీదే ఆధారపడదు, ఆ బరువు చేతికి ఎంత దూరంలో ఉందన్నది ఇంకా ముఖ్యం. భౌతికశాస్త్రంలో దీన్ని జడత్వ భ్రామకం అంటారు. వెడల్పు, మందం మారకుండా అలుగు పొడవును సగం చేస్తే బరువు సగమవుతుంది, జడత్వ భ్రామకం మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది! అందుకే మణికట్టు మలుపుతోనే దెబ్బను ఆపవచ్చు, దిశ మార్చవచ్చు. వాటం లేని చేతికి ఇది పెద్ద వరం.

నాకు అన్నిటికన్నా నచ్చేది పిడి దగ్గరి కొక్కెం. వేళ్లకు అడ్డంగా సాధారణంగా ఇత్తడి కాపు ఉంటుంది, మరీ దగ్గరైతే దానితో గుద్దవచ్చు కూడా. రెండోవైపు, అలుగు వెన్ను పక్కన, ముందుకు వంగిన కొక్కెం ఉంటుంది. ఎదుటివాడి ఆయుధం వెన్ను మీదుగా జారివస్తే అందులో పడుతుంది. మణికట్టు తిప్పితే బిగుసుకుంటుంది. ఈలోగా రెండో కత్తి ఖాళీగానే ఉంది కదా! బొటనవేలు అదే కొక్కేనికి తగిలించి కత్తిని ముంజేతి వెంట వెనక్కి తిప్పేస్తారు.

నల్లమందు యుద్ధం (1839-42) నాటి గ్వాంగ్‌డాంగ్ స్థానిక దళాలూ జంట కత్తులు వాడాయి. పాతవాటిలో పొడవుగా, సన్నగా, పొడవడానికి వీలుగా ఉన్నవి చాలానే కనిపిస్తాయి. నేటి శిక్షణ కత్తులు ఎక్కువగా పొట్టివి, వెడల్పువి.

పొట్టితనానికి మూల్యం ఉంది: ఈటె పట్టినవాడిని దూరం నుంచి అందుకోలేం. లోపలికి చొరబడాలి, పక్కకు తప్పుకోవాలి. అంటే పని చేతులకన్నా పాదాలకే ఎక్కువ. హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు నేర్పిన వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్యలో ఈ కత్తుల సాధన చివర్లో, కొద్దిమందికే దక్కేది. ఖాళీ చేతుల కదలికలు ఒంటపట్టాకే కత్తులు పట్టిస్తారు, అప్పుడు కొత్త అడుగులు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.