పాత కెమెరాలు, పాత బళ్లు ఎందుకు దాచుకుంటానంటే

చిరంజీవులు ముగ్గురికీ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ అమ్మమ్మా కులాసా.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా అల్మరా తెరిచి, "ఫోన్లో ఇంత మంచి కెమెరా ఉంటే ఈ పాతవన్నీ ఎందుకు తాతయ్యా?" అని అడిగారు. ఇంటినిండా చుట్టాలు, తీరిగ్గా చెప్పడం కుదరలేదు. రెండు ముక్కల్లో తేలే జవాబు కూడా కాదు. అందుకే ఈ ఉత్తరం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటల గడియారం చూశారు కదా. గంట కావస్తోందంటే జనం వచ్చి దాని ముందు కూర్చుంటారు. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, టైమెంతో అందరికీ తెలుసు. అయినా లోపలినుంచి ఆ చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి వెళ్లేదాకా ఎవరూ కదలరు. ఒక యంత్రం తన పని తాను చేసుకుంటుంటే చూడటంలో ఉన్న ఆనందం అది. పాత కెమెరా మీద నాకున్న ఇష్టం కూడా అలాంటిదే. ఫోన్ తీసే ఫొటో చాలా బాగుంటుంది, కాదనను. కానీ లోపల ఏం జరిగిందో చూద్దామని విప్పితే నలుపు ముక్కలు తప్ప ఏమీ కనబడవు. పాత కెమెరా వెనక మూత తీస్తే వెలుతురు ఎటునుంచి వస్తోందో, ఏది దాన్ని ఆపుతోందో, ఎంతసేపు లోపలికి రానిస్తోందో అంతా మీ కళ్లెదుటే ఉంటుంది.

పై అరలో ఉన్న నల్ల డబ్బా గుర్తుందా? అది ఆగ్ఫా క్లిక్ త్రీ. గుజరాత్‌లోని వడోదరలో తయారైంది. మన దేశంలో ఎన్నో మధ్యతరగతి ఇళ్లకి వచ్చిన మొదటి కెమెరా అదే. బ్యాటరీ లేదు, ఫోకస్ తిప్పే పని లేదు. 120 సైజు రీలు వేస్తే పన్నెండు చదరపు ఫొటోలు వస్తాయి. దాని వెనక ఎర్రటి చిన్న కిటికీ ఒకటుంది. రీలుకి వెనక అంటి ఉండే కాగితం మీద అంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఫొటో తీశాక చక్రం తిప్పుతూ ఆ కిటికీలో తర్వాతి అంకె కనబడగానే ఆపాలి. కిటికీకి ఎర్ర రంగే ఎందుకు పెట్టారో తెలుసా? ఈ రకం కెమెరాలు మొదట వచ్చిన రోజుల్లో ఫిల్ముకి ఎర్ర వెలుతురు సోకినా ఏమీ అయ్యేది కాదు. తర్వాత అన్ని రంగులూ పట్టే ఫిల్ము వచ్చింది, ఎర్ర కిటికీ మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే ఎండలో రీలు తిప్పేటప్పుడు దాన్ని చేత్తో కప్పుకోమంటాను. ఆ చిన్న కిటికీలో ఇంత చరిత్ర ఉందని తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఆ 120 సైజు రీలుకి వందేళ్లు ఎప్పుడో దాటాయి. 1900లో అమెరికాలోని కోడక్ కంపెనీ బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరా తెచ్చి, ఒక్క డాలరుకే అమ్మింది. పిల్లలు కూడా ఫొటోలు తియ్యాలన్నది వాళ్ల ఆలోచన. కెమెరా చవగ్గా ఇస్తే ఫిల్ము బాగా అమ్ముడవుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. మరుసటి ఏడు, 1901లో, రెండో నంబరు బ్రౌనీ కోసం చేసిందే ఈ 120 రీలు. ఇవాళ్టికీ కొత్తగా తయారవుతోంది. అదే కంపెనీ తర్వాత 620 అని ఇంకో సైజు పెట్టి, 1995లో ఆపేసింది. ఫిల్ము అదే, చుట్టే కడ్డీ మాత్రం సన్నం. అందుకని 620 కెమెరాలున్నవాళ్లు చీకట్లో కూర్చుని, 120 ఫిల్ముని విప్పి పాత 620 కడ్డీకి చుట్టుకుంటారు. అంత ఓపిక ఎందుకంటే, వాళ్లకి ఆ కెమెరా బొమ్మలా పడి ఉండకూడదు, ఫొటో తియ్యాలి. నేనూ ఆ జట్టువాణ్ణే. అద్దాల బీరువాలో పెట్టి, రేటు ఎప్పుడు పెరుగుతుందా అని ఎదురుచూసేవాళ్లంటే నాకు అంత గౌరవం లేదు.

రెండు కళ్లున్న యాషికా సంగతి ఇంకా బాగుంటుంది. ఒకప్పుడు మన ఊళ్లలో స్టూడియోవాళ్ల దగ్గర ఇలాంటివి ఉండేవి. పై కటకం మనం చూడ్డానికి, కింది కటకం ఫిల్ముకి. పై కటకంలోంచి వచ్చిన వెలుతురు ఏటవాలు అద్దానికి తగిలి పైకి మళ్లి, గరుకు గాజు మీద బొమ్మలా పడుతుంది. అందుకే తల వంచి చూస్తాం. ఆ గాజు మీద కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎదుటి మనిషి ఇటు జరిగితే బొమ్మ అటు జరుగుతుంది. మీలో చిన్నది కెమెరాని ఏ వైపు తిప్పితే బొమ్మ కూడా ఆ వైపుకే పారిపోతోందని గోల పెట్టింది, అదే ఇది.

ఆ కింది కటకం చుట్టూ రెండు లెక్కలుంటాయి. ఒకటి వెలుతురు వచ్చే కన్నం ఎంత, రెండోది అది ఎంతసేపు తెరిచి ఉండాలి. కుళాయి కింద బిందె పెట్టామనుకోండి. కుళాయి పూర్తిగా తిప్పితే త్వరగా నిండుతుంది, సన్నగా వదిలితే ఆలస్యంగా నిండుతుంది, బిందెలో నీళ్లు మాత్రం అంతే. కన్నం అంకెలు 4, 5.6, 8, 11, 16 అని ఉంటాయి. ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా వెలుతురు సగమవుతుంది. మధ్యాహ్నపు ఎండలో వెలుతురు కొలిచే మీటరు అక్కర్లేదు. కన్నం 16 మీద పెట్టి, ఫిల్ము వేగం, అంటే అది వెలుతురుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె, 100 అయితే సెకనులో నూరో వంతుకి దగ్గరగా ఉన్న అంకె, అంటే 125, పెట్టండి. ఫొటో వచ్చి తీరుతుంది. ఫోన్ ఈ లెక్కంతా తనే చేసేసుకుంటుంది. ఈ కెమెరాలో మీరు చెయ్యాలి. రెండు రోజులు చేశాక వీధిలోకి వెళ్లి ఎండ చూడగానే అంకెలు మీకే తోస్తాయి. అప్పుడు నాకు ఫోన్ చేసి చెప్పాలి.

వెలుతురు దారి తెరిచి మూసే షటర్‌ని ఒక సెకను మీద పెట్టి నొక్కితే జుర్రుమని చప్పుడొస్తుంది. లోపల చిన్న గడియారం లాంటి పళ్లచక్రాలు తిరిగి ఆ సెకను కొలుస్తాయి. ఎన్నో ఏళ్లు వాడకుండా ఉంచితే అందులోని గ్రీజు గట్టిపడి షటర్ తెరుచుకుని అలాగే ఆగిపోతుంది. అందుకే నేను ప్రతి కెమెరానీ అప్పుడప్పుడూ తీసి అన్ని స్పీడ్ల మీదా నొక్కుతుంటాను. మీ అమ్మమ్మ దీన్ని జపం అంటుంది.

మన కాకినాడ గాలిలో ఇంకో గండం ఉంది. తేమ. కటకాల మీద సాలెగూడులా ఫంగస్ పడుతుంది, ముదిరితే గాజునే తినేస్తుంది. తోలు సంచీ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ తేమని పట్టి ఉంచుతుంది, అందుకే కెమెరాలని దాంట్లో పెట్టను. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో ఉంచుతాను. మీరెప్పుడైనా పాత లెన్సు కొనాలనుకుంటే ముందు దాని వెనకనుంచి టార్చి వేసి చూడండి.

కొనడమంటే గుర్తొచ్చింది. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఇంజనీరుకి ఉబ్బసం. గాజు పలకల మీద ఫొటో తీసే పెద్ద పెద్ద ప్లేటు కెమెరాలు మోసుకు తిరగలేక, సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరా చేశాడు. అదే లైకా. 1925లో అమ్మకానికి వచ్చింది. ఆయన తీసుకున్న ఫొటో కొలత, 24 మిల్లీమీటర్లకి 36, ఇవాళ ఫుల్ ఫ్రేమ్ అంటున్న డిజిటల్ కెమెరాల్లోనూ అదే. ఆ లైకాని చూసి, అప్పటి సోవియట్ యూనియన్‌లో ఉన్న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఫెడ్ అనే కెమెరా చేశారు. అక్కడ మకరెంకో అనే పంతులుగారు నడిపిన కమ్యూన్‌లో, అంటే అందరూ కలిసి ఉండి పనిచేసే చోట, ఇల్లూ వాకిలీ లేని పిల్లలు ఉండేవాళ్లు. 1930లలో ఆ కెమెరాలు చేసింది ఆ పిల్లలే! మీకంటే కొంచెం పెద్దవాళ్లు, అంత సున్నితమైన పని చేశారు. తర్వాత కొందరు మోసగాళ్లు ఇలాంటి సోవియట్ కెమెరాల మీద లైకా అని చెక్కి, బంగారు పూత పూసి అమ్మారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. మెరిసే లైకా చవగ్గా వస్తోందంటే అనుమానించాలి. నన్నడిగితే అసలు పేరుతో ఉన్న ఫెడ్ చాలా గొప్ప వస్తువు. దానికి అబద్ధపు పేరు పెట్టడం ఆ పిల్లల కష్టాన్ని చెరిపెయ్యడమే.

ఇక బళ్లు. మీ మావయ్య షెడ్డులో ఉన్న యెజ్డీ మోటారు సైకిలు మైసూరు బండి. చెకోస్లొవేకియా జావా కంపెనీ పరిజ్ఞానంతో 1961లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది, 1996లో మూతపడింది. దాని లివర్ చూశారా? గేర్లు వేసే లివర్నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ కొట్టే రాడ్ అయిపోతుంది. గేరు మార్చడానికి దాని మీద కాలు వేస్తే క్లచ్ కూడా దానంతటదే కొంత విడుతుంది. ఒక్క ఇనప ముక్కతో ఇన్ని పనులు చేయించిన ఆ బుర్రకి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. ఆ పెట్రోలే లోపలి భాగాలకి నూనె అందించుకుంటూ వెళుతుంది. నీలం పొగ అందుకే. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇలాంటి ఇంజన్లు రోడ్లమీదనుంచి పోవడం న్యాయమే. మావయ్య ఎప్పుడో ఆదివారం పొద్దున్న కాస్త దూరం తిప్పి తెచ్చి, తుడిచి పెట్టేస్తాడు. అంత చాలు.

ప్రభుత్వం కూడా 2021లో వింటేజ్ బళ్లకి విడిగా నిబంధనలు పెట్టింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతుకి రోడ్డెక్కచ్చు, రోజూ ఆఫీసుకి వెళ్లకూడదు. మంచి పద్ధతి. మావయ్య యెజ్డీకి ఇంకా ఆ వయసు రాలేదు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించారు, అది చేరేలోపే ఆయన కాలం చేశారు. చూడ్డానికి కళ్లు చాలవు. కానీ నా మనసు ఆల్విన్ పుష్పక్ స్కూటర్ మీద ఉంది. ఇటలీ లాంబ్రెట్టా వంశానికి చెందిన స్కూటరే, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో తయారై మన రోడ్ల మీద తిరిగింది. నిజాం కారుని కాపాడ్డానికి ప్యాలెస్ ఉంది. పుష్పక్‌ని మాత్రం ఎవరో ఒక మామూలు మనిషి పాత ఇనప కొట్టుకి పోకుండా ఆపి, కార్బొరేటర్ కోసం ఊళ్లు తిరిగితేనే మిగులుతుంది. అలాంటివాళ్లు ఇంకా చాలామంది కావాలి.

మీకు ఇప్పుడు బండి కొనే వీలు లేదు కాబట్టి నమూనాలతో మొదలుపెట్టచ్చు. 1952లో ఇంగ్లండులో జాక్ ఒడెల్ అనే ఆయన కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తీసుకురావాలని నియమం ఉండేది. ఆయన తన కంపెనీ చేసే రోడ్డు రోలర్‌ని చిన్నగా ఇత్తడిలో చేసి ఇచ్చాడు. అక్కడినుంచి పుట్టినవే మ్యాచ్‌బాక్స్ కార్లు. కొలత తెలుసుకుని కొనండి. 1:43 అంటే అసలు బండిలో నలభై మూడో వంతు. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు, ఆ లెక్కన నమూనా 10 సెంటీమీటర్లు రావాలి. స్కేలు పెట్టి మీరే కొలవచ్చు. చక్రాలు పెద్దవైనా, కప్పు పొట్టిగా ఉన్నా వెంటనే పట్టుకుంటారు. అలా పట్టుకోడం వచ్చాక వీధిలో అసలు అంబాసిడర్ కనిపిస్తే దాన్ని ఇదివరకు చూసినట్టు చూడరు.

ఏది దాచినా ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరి దగ్గర కొన్నారు, అంతకుముందు ఎవరు వాడారు, ఏం బాగు చేయించారు, ఏ మెకానిక్ చేశాడు, అన్నీ రాయండి. ఎక్కువ వద్దు. ఒకటి కొని, అది ఎలా పనిచేస్తుందో ఇంకొకరికి చెప్పగలిగాక రెండోది.

వేసవి సెలవులకి వచ్చేటప్పుడు నలుపు తెలుపు రీలు ఒకటి కొనుక్కురండి. డబ్బా మీద 120 అని ఉందో లేదో, గడువు తేదీ ఎంతో చూసుకోండి. క్లిక్ త్రీలో వేస్తే పన్నెండు ఫొటోలు, ముగ్గురికీ తలా నాలుగు. దెబ్బలాడుకోకండి. స్టూడియోకి ఇవ్వకుండా ఇంట్లోనే కడుగుదాం. ఫిల్ము కడిగే మందులు, డెవలపర్, హైపో, నేను తెప్పించి ఉంచుతాను. చీకటి గదిగా స్నానాలగది ఇమ్మని అమ్మమ్మని అడిగాను, ఒక పూట ఇస్తానంది.

మీ
తాతయ్య