పెద్ద పైపు వేస్తే మురుగు పొంగడం ఆగదా?

"మా వీధిలో మ్యాన్‌హోల్ నెలకోసారి పొంగుతోంది. ఎనిమిది అంగుళాల పైపు తీసేసి పన్నెండు అంగుళాలది వేయమంటే ఇంజినీర్లు ఒప్పుకోరు. డబ్బులు మిగుల్చుకోవడానికేనా?" ఈ ప్రశ్న చాలామందికి ఉంటుంది.

పైపు పెద్దదైతే అడ్డు పడదన్న నమ్మకం తాగునీటి పైపుల్ని చూసి వచ్చింది. అవి నిండుగా, ఒత్తిడితో పారతాయి. మురుగు పైపు నిజానికి నేల కింద కప్పేసిన పిల్లకాలువ. అడుగున కాసిని నీళ్లు, పైనంతా గాలి. లోపల మోటారు లేదు, తోసేవాడు లేడు. ఉన్నదల్లా వాలు. ఫ్లష్ చేసినది మైళ్ల దూరం వెళ్లాలంటే ఆ వాలే దిక్కు.

ముందు ఎన్ని నీళ్లో చూద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్లు సరఫరా చేస్తే అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగొస్తుందని మన దేశంలో డిజైన్ లెక్క. నూరు ఇళ్ల వీధి, ఇంటికి అయిదుగురు అనుకుంటే రోజుకు 54,000 లీటర్లు. వినడానికి బోలెడు. సెకనుకు చూస్తే 0.63 లీటరు. పొద్దున్నే అందరూ ఒకేసారి లేచే వేళకు దాన్ని మూడు రెట్లు చేస్తారు: 1.9 లీటర్లు. అయిదు వందల మంది మురుగు, రద్దీ వేళలో కూడా, సెకనుకు రెండు చెంబులు! ప్రతి 167 మీటర్లకు ఒక మీటరు దిగేలా వేసిన 200 మిల్లీమీటర్ల పైపు నిండుగా పారితే సెకనుకు 25 లీటర్లు మోస్తుంది. అంటే ఎనిమిది అంగుళాల పైపే అవసరానికి పదమూడు రెట్లు పెద్దది. అది పూడుకుపోతోందంటే చోటు చాలక కాదు.

పొలంలో బోదె తీసినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కాసిని నీళ్లే వస్తున్నప్పుడు బోదెను వెడల్పు చేస్తే నీళ్లు పల్చబడి మెల్లగా సాగుతాయి, ఒండ్రు అడుగున దిగిపోతుంది. ఇరుకుగా, కాస్త వాలుగా తీస్తే అవే నీళ్లు మట్టిని కోసుకుంటూ పోతాయి. మురుగు పైపు అడుగున దిగే ఇసుక, మలం, అన్నం మెతుకులు కూడా అంతే. వాటిని కదిలించడానికి సెకనుకు 0.6 మీటర్ల వేగం కావాలన్నది పాత వాడుక. తెల్లవారుజామున రెండింటికి నీళ్లు సన్నబడి చెత్త అడుగున కూర్చున్నా నష్టం లేదు. రోజుకు ఒక్కసారైనా, పొద్దుటి రద్దీలో, దాన్ని లేపి తీసుకుపోగలిగితే చాలు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. నిండుగా పారుతూ ఆ 0.6 అందుకోవాలంటే 200 మిల్లీమీటర్ల పైపుకు దాదాపు 300 మీటర్లకు ఒక మీటరు వాలు కావాలి. 300 మిల్లీమీటర్ల దానికి, అంటే పన్నెండు అంగుళాలదానికి, 520 మీటర్లకు మీటరు సరిపోతుంది. 600ది అయితే 1,300 మీటర్లకు ఒక్క మీటరు. పైపు పెరిగేకొద్దీ వాలు తక్కువ చాలు! దాంతో తవ్వకం తగ్గించుకోవాలనుకున్నవాళ్లకు ఒక దొడ్డిదారి దొరుకుతుంది: పెద్ద పైపు వేసి వాలు తగ్గించేయడం. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంటుంది. ఈ వాలుల లెక్క మాత్రం నిండుగా పారే పైపుకు వేసింది. సగం నిండినా అదే వేగం ఉంటుంది, ఎనభై శాతం లోతులో నిండు పైపుకన్నా 14 శాతం ఎక్కువ కూడా ఉంటుంది. కానీ లోతు అయిదో వంతుకు పడితే వేగం 61 శాతానికి, పదో వంతుకు పడితే 40 శాతానికి దిగుతుంది. వీధిలో లైను మొదలయ్యే చోటి పైపు మామూలుగా నిండదు.

మన రెండు చెంబుల నీళ్లను రెండు పైపుల్లో పోసి చూద్దాం. 200 మిల్లీమీటర్ల పైపు, 167 మీటర్లకు మీటరు వాలు: నీటి లోతు 37 మిల్లీమీటర్లు, వేగం 0.47 మీటర్లు. 300ది, 500 మీటర్లకు మీటరు వాలు: లోతు 43 మిల్లీమీటర్లు, వేగం 0.31. మొదటిది కూడా 0.6 అందుకోలేదు కదా అంటారేమో. నిజమే, వీధి తొలి పైపుల బాధే అది. కానీ చెత్తను కదిలించేది వేగం కాదు, నీరు అడుగును రాసే ఒరిపిడి. నీటి సాంద్రత, గురుత్వ త్వరణం, జలవ్యాసార్ధం (పారే నీటి అడ్డుకోత వైశాల్యాన్ని, నీరు తాకే పైపు అంచు పొడవుతో భాగిస్తే వచ్చేది), వాలు, ఈ నాలుగింటినీ గుణిస్తే అది వస్తుంది. చదరపు మీటరుకు ఒక న్యూటన్ దాటితే సాధారణంగా సన్నని ఇసుక నిలవదు. మొదటి పైపులో 1.3 న్యూటన్లు. రెండోదాంట్లో సగం న్యూటన్. పెద్దదే పూడుకుపోతుంది.

లండన్‌లో 1858లో మురుగు కంపు ఊరిని ముంచెత్తిన తరవాత ఇంజినీరు బజల్గెట్ వేసిన మహా మురుగు సొరంగాలు మైలుకు రెండడుగుల వాలుతోనే నడిచాయి. అంత కొంచెం వాలు చాలింది, వాటిలో ఊరంతటి నీళ్లు ఉన్నాయి కాబట్టి. ఆ కాలపు సొరంగాల్లో చాలావాటిని కోడిగుడ్డు ఆకారంలో, సన్న కొన కిందికి ఉండేలా ఇటుకతో కట్టారు. వాన నీరొస్తే పైన వెడల్పు, మామూలు రోజున అడుగున ఇరుకు బోదె.

వాలు దొడ్డిదారులు ఊరికే పుట్టవు. 300 మీటర్ల వీధిలో మొదటి వాలుకు (167 మీటర్లకు మీటరు) పైపు 1.8 మీటర్లు దిగాలి, రెండోదానికి (500 మీటర్లకు మీటరు) 0.6 చాలు. హైదరాబాద్‌లో ఆ తేడా గ్రానైటు బండలో తవ్వాలి. అయినా హైదరాబాద్ అదృష్టవంతురాలు, నేల చాలామటుకు మూసీ వైపు వాలి ఉంటుంది. 1908 వరద తరవాత విశ్వేశ్వరయ్య ఇక్కడి భూగర్భ డ్రైనేజీకి ప్రణాళిక వేసినప్పుడూ, ఇప్పుడు అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రానికి మురుగు చేరేటప్పుడూ ఆ వాలే ఆధారం. బల్లపరుపుగా ఉండే కాకినాడలాంటి ఊరికి ఆ సుఖం లేదు. పైపు లోతుకు పోయినప్పుడల్లా పంపుతో పైకెత్తి మళ్లీ వదలాలి.

వాస్తు ఇంకో వాలు చెబుతుంది. వీధి కనెక్షన్ నైరుతిలో ఉన్నా మురుగు ఈశాన్యం నుంచే బయటికి పోవాలని ఇల్లంతా తిప్పించేవాళ్లున్నారు. 110 మిల్లీమీటర్ల ఇంటి పైపుకు 60 మీటర్లకు మీటరు వాలు అనుకుంటే, 20 మీటర్ల చుట్టుదారికి 33 సెంటీమీటర్ల లోతు అదనం. అంత లోతు దొరక్క వాలు చంపేస్తారు. మలం దిక్కులు చూడదు.

అయితే వానాకాలంలో పొంగడం వేరే కథ. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే సెకనుకు 1.3 లీటర్లు దిగుతాయి. డాబా గొట్టాన్ని డ్రైనేజీలో కలిపిన రెండిళ్లు చాలు, వీధి మొత్తం పొద్దుటి మురుగును మించిపోవడానికి. నూరు డాబాలూ కలిపితే 129 లీటర్లు, పైపు మోసేది 25. రోడ్డు మీద నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీసినవాళ్లు ఇసుకను కూడా అందులోకి పంపిస్తారు.

మెల్లగా పారే మురుగులో ఇంకో పని జరుగుతుంటుంది. పైపు గోడల జిగురు పొరలో, ఆక్సిజన్ అందని చోట, సూక్ష్మజీవులు సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. ఆ వాయువు పైకి లేచి తడి పైకప్పుకు అంటుకుంటుంది. అక్కడ వేరే సూక్ష్మజీవులు దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి, కాంక్రీటు మెత్తని జిప్సంగా రాలిపోతుంది. అందుకే సిమెంటు మురుగు పైపు అడుగున అరగక ముందే పైన కూలుతుంది. మనిషికి జరిగేది ఇంకా ఘోరం. ఆ వాయువు కుళ్లిన గుడ్డు వాసన ఒక పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం) కంటే తక్కువలోనే తెలుస్తుంది, నూరు పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయిందని లోపలికి దిగినవాడు పైకి రాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం.

గొట్టంలోంచి నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మే జెట్టింగ్ యంత్రంతో బయటినుంచే శుభ్రం చేయొచ్చు, కానీ అడ్డు ఎక్కడుందో తెలియాలి. పొంగుతున్న మ్యాన్‌హోల్‌లో అది ఉండదు. వాలు దిగే వైపు ఒక్కో మూతా తీస్తూ పోవాలి. నిండుగా ఉన్న చివరిదానికీ, ఖాళీగా కనబడిన మొదటిదానికీ మధ్య పైపులో ఉంటుంది. గొట్టాన్ని ఆ ఖాళీ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకు పంపుతారు. ముక్కు వెనక రంధ్రాల్లోంచి నీరు చిమ్ముతూ అది తనను తానే ముందుకు లాక్కుపోతుంది, పూడికను వెనక్కి కడిగి తెస్తుంది. దిగువన ఎంత దూరం వెళ్లినా ఖాళీ మ్యాన్‌హోల్ కనబడకపోతే తప్పు ఆ వీధి పైపుది కాదు. పెద్ద లైను నిండి ఉంది, లేదా పంపు ఆగింది. అప్పుడు ఎనిమిది అంగుళాల పైపు తీసి పన్నెండుది వేసినా పొంగేది పొంగుతూనే ఉంటుంది.