బాఖ్‌ను వైమార్‌లో ఎందుకు నిర్బంధించారు?

1717 నవంబరు 6న జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌ను వైమార్ సంస్థానంలో నిర్బంధించారు. తనను కొలువు నుంచి వదిలిపెట్టమని మొండిగా పట్టుబట్టడమే ఆయన నేరమని దర్బారు రికార్డు చెబుతోంది. అప్పటి జర్మన్ సంస్థానాల్లో సంగీతకారుడు ప్రభువు పరివారంలో ఒకడు. ప్రభువు అనుమతి లేకుండా కొలువు మారడం కుదరదు.

బాఖ్ 1708లో 150 ఫ్లోరిన్ల జీతానికి ఆర్గన్ వాద్యకారుడిగా చేరాడు. 1713 చివర్లో హాలే నగర చర్చి పిలిచింది. ఆ బేరం నడుస్తుండగానే, 1714 మార్చిలో, వైమార్ ప్రభువు కాన్సర్ట్‌మైస్టర్ (వాద్యబృంద నాయకుడు) హోదా ఇచ్చి జీతం 250 ఫ్లోరిన్లు చేశాడు. బదులుగా నెలకో కాంటాటా (గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే చర్చి సంగీత రచన) రాసి వాయింపించాలి.

ఆ పని పైకి కనిపించినంత తేలిక కాదు. కోట చర్చి ఆర్గన్ శ్రుతి బాగా ఎక్కువ. తీగ వాద్యాలనైతే దానికి తగ్గట్టు బిగించుకోవచ్చు. ఓబో అనే ఊదే వాద్యం శ్రుతి దాని తయారీలోనే స్థిరపడిపోతుంది, అదీ ఆర్గన్ కంటే సుమారు మూడు అర్ధస్వరాలు తక్కువ. అందుకే ఓబో స్వరాల కాగితాన్ని అంత మేరా పైకి జరిపి విడిగా రాయాలి. అలా జరపని కాగితం చూసి వాయిస్తే ఓబో ఒక శ్రుతిలో, మిగతా బృందం మరో శ్రుతిలో పలుకుతాయి. తర్వాత బాఖ్ పనిచేసిన లైప్‌జిగ్‌లో శ్రుతి పద్ధతి వేరు కావడంతో ఈ కాంటాటాల్లో కొన్నింటికి కొత్త కాగితాలు రాయించాల్సి వచ్చింది.

1716 డిసెంబరు 1న వృద్ధ కాపెల్‌మైస్టర్ (దర్బారు సంగీతానికి అధిపతి) డ్రేజే చనిపోయాడు. బాఖ్ డిసెంబరు 6, 13, 20 ఆదివారాల కోసం వరసగా మూడు కాంటాటాలకు పూనుకున్నాడు. పదవి మాత్రం డ్రేజే కొడుక్కి దక్కింది. జీతం కన్నా ఈ దెబ్బే బాఖ్‌ను కదిలించిందని నమ్మడం సబబు.

పైగా వైమార్‌ను ఏలేది ఇద్దరు డ్యూకులు, ఇద్దరికీ పడదు. విల్హెల్మ్ ఎర్న్‌స్ట్ తన వాద్యకారులు తమ్ముడి కొడుకు, రెండో డ్యూకు ఎర్న్‌స్ట్ ఆగుస్ట్ కోటలో వాయిస్తే 10 థాలర్ల జుర్మానా అన్నాడు. ఆ ఎర్న్‌స్ట్ ఆగుస్ట్ 1716లో పెళ్లాడింది క్యోథెన్ సంస్థాన ప్రభువు లియోపోల్డ్ చెల్లెలు ఎలియొనోరెను. 1717 ఆగస్టులో లియోపోల్డ్ బాఖ్‌కు కాపెల్‌మైస్టర్ పదవితో ఏడాదికి 400 థాలర్లు ఖాయం చేశాడు. ఫ్లోరిన్‌కు 21 గ్రోషెన్లు (చిల్లర నాణేలు), థాలర్‌కు 24. అంటే వైమార్ 250 ఫ్లోరిన్లు 219 థాలర్లకు మించవు.

డిసెంబరు 2న, అసంతృప్తితో తొలగిస్తున్నామని చెప్పి, బాఖ్‌ను విడిచిపెట్టారు. క్యోథెన్ దర్బారు కాల్వినిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖది, ఆరాధనలో కాంటాటాలు అక్కర్లేదు. పైగా 1713లో ప్రష్యా రాజు రద్దు చేసిన బెర్లిన్ దర్బారు బృందంలోని వాద్యకారులు కొందరు అప్పటికే అక్కడున్నారు.