సీలింగ్ ఫ్యాన్ నుంచి టీయూ-142 దాకా

విశాఖపట్నం

పిల్లలూ, ఆశీస్సులు.

విమానం సంగతి తెలియాలంటే ముందు ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఆపి, కింద నిలబడే దాని రెక్కల్ని చూడండి. చదునుగా ఉండవు, ఒక పక్కకి వాలి ఉంటాయి. ఫ్యాన్ తిరిగితే ఆ వాలు గాలిని కిందికి తోస్తుంది, గాలేమో ఫ్యాన్‌ని పైకి తోస్తుంది. ఫ్యాన్ బరువు ముందు ఆ తోపు ఏ మూలకీ చాలదు గనక అది కొక్కేనికే వేలాడుతుంది. విమానం రెక్కదీ ఇదే పని. కాకపోతే తిరగదు, ముందుకు దూసుకుపోతూ గాలిని కిందికి మళ్లిస్తుంది.

రెక్క పైన వంపు ఉంది కాబట్టి పైగాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలిని అందుకోవడానికి పరుగు తీస్తుంది అని చాలాచోట్ల చెబుతారు. నమ్మకండి. పైగాలి వేగంగా పోయే మాట నిజం, కానీ రెండూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. కొలిచి చూస్తే పైగాలే ముందు చేరుతుంది. వాలూ వంపూ కలిసి గాలిని కిందికి వంచుతాయి. అలా వంచినప్పుడు రెక్క పైన ఒత్తిడి తగ్గి, కింద కాస్త పెరుగుతుంది.

ఎంత తేడా కావాలో లెక్క వేద్దాం. మన ఎయిర్‌పోర్టులో దిగే ఎయిర్‌బస్ ఎ320 నిండుగా ఉంటే సుమారు 78 టన్నులు. రెక్కల వైశాల్యం సుమారు 122 చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు 640 కిలోల బరువు. మన చుట్టూ ఉన్న గాలి చదరపు మీటరు మీద దాదాపు 10,000 కిలోల బరువుతో నొక్కుతూనే ఉంటుంది. కాబట్టి రెక్క పైకీ కిందికీ ఒత్తిడిలో ఆరేడు శాతం తేడా ఉంటే అంత విమానమూ లేస్తుంది.

వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగింతలవుతుంది. అందుకే రన్‌వే మీద ఆ పరుగు. గంటకు సుమారు 260 కిలోమీటర్లు అందుకుంటే చాలు. ఎదురుగాలి 30 ఉంటే చక్రాల వేగం 230 సరిపోతుంది, అందుకే గాలికి ఎదురుగా లేస్తారు, ఎదురుగానే దిగుతారు. మే నెల మధ్యాహ్నం గాలి వేడెక్కి పలచబడుతుంది, అప్పుడు పరుగు ఇంకా పొడవవుతుంది. దిగేటప్పుడు వేగం తగ్గాలి, బలం తగ్గకూడదు. కిటికీ పక్క సీటు దొరికితే చూడండి, రెక్క వెనక నుంచి ఫ్లాపులు కిందికి జారి రెక్కని పెద్దది చేస్తాయి. చక్రాలు నేలని తాకగానే రెక్క మీద పలకలు నిక్కుతాయి. అవి స్పాయిలర్లు. ఎత్తే బలాన్ని చెడగొట్టి బరువంతా చక్రాల మీద వేస్తాయి, అప్పుడే బ్రేకులు పట్టేది.

ముక్కు పైకెత్తితే బలం పెరుగుతుంది గానీ దానికీ హద్దుంది. వాలు సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటుకుని పోలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజిన్ ఆగడం కాదిది, రెక్క పని మానేయడం. విమానం కిందికి పడిపోతున్నా పైలట్ ముక్కు ఇంకా కిందికే వంచాలి. వినడానికి వింతగా ఉంటుంది, గాలిని మళ్లీ రెక్కకి అంటించే దారి అదే. ఇంజిన్లు రెండూ ఆగినా రెక్క ఆగదు. విశాఖ మీద 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి అలాంటి విమానం కాకినాడ దాకా జారుతూ పోగలదు.

ఇక రకాలు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా మ్యూజియంగా పెట్టిన టీయూ-142 అనే పాత నిఘా విమానం ఉంది కదా, లోపలికి పోయే ముందు ఇంజిన్ల కింద నిలబడండి. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు. అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముందుది గాలిని మెలితిప్పి వదిలితే, వెనకది ఆ మెలికని విప్పుతూ దాన్నీ తోపుగా మార్చుకుంటుంది. ప్రొపెల్లర్ రెక్కని మొదలు నుంచి కొసదాకా చూడండి. మొదట్లో వాలు ఎక్కువ, కొసకి తక్కువ. కొస ఎక్కువ దూరం తిరుగుతుంది, వేగం ఎక్కువ, అందుకని ఆ మెలి. ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్కే. వెనక్కి వాలిన ఆ పెద్ద రెక్కలు ధ్వని వేగానికి దగ్గరగా పోయేటప్పుడు వచ్చే అడ్డును ఆలస్యం చేస్తాయి. మన నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా పనిచేసిందిది.

ఎటిఆర్ లాంటి చిన్న విమానాలవీ ప్రొపెల్లర్లే. గంటకు 500 కిలోమీటర్ల దగ్గరే ఆగుతాయి గానీ తక్కువ దూరాలకి ఇంధనం పొదుపు. జెట్ ఇంజిన్ ముందున్న పెద్ద ఫ్యాన్ గాలిలో చాలావరకు నిప్పు చూడకుండానే పక్కనుంచి వెనక్కి పోతుంది. కొత్త ఎ320 నియోలలో మంట దగ్గరికి కిలో గాలి పోతే, పక్కనుంచి 11, 12 కిలోలు పోతుంది. కొంచెం గాలిని విసురుగా తోసే కన్నా ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే ఖర్చు తక్కువ. బీచ్ మీదుగా పోయే నేవీ హెలికాప్టర్ అయితే రెక్కల్నే తిప్పుతుంది, అందుకే ఒకేచోట నిలబడగలదు. పైన రెక్కలు ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు గిర్రున తిరగాలని చూస్తుంది, తోక దగ్గరి చిన్న ఫ్యాన్ దాన్ని ఆపుతుంది.

ఇంట్లో చేసి చూడటానికి ఎ4 కాగితంతో బాణం విమానం చాలు. ముక్కు దగ్గర పిన్ను పెట్టండి. విసరగానే ముక్కు కిందికి పొడిస్తే రెక్కల వెనక అంచుల్ని అర సెంటీమీటరు పైకి వంచండి. ఎగసి, ఆగి, ధబ్బున పడితే అదే స్టాల్, వంచింది తగ్గించండి, లేదా ముక్కుకి ఇంకో పిన్ను. ఎడమకి తిరిగిపోతుంటే ముందు రెక్కలు రెండూ సమానమేమో చూసి, తర్వాత ఎడమ రెక్క వెనక అంచుని కొద్దిగా కిందికి వంచండి. ఒక్కసారికి ఒక్క మార్పే, రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. మేడ మీంచి విసిరేట్టయితే పిట్టగోడ ఎక్కకండి, కిందనుంచి విసిరినా చాలు.

మీ తాతయ్య