పాట పెట్టకుండానే ప్రతిపదార్థం

మొన్న బరంపురంలో మా మావయ్యగారింట్లో కరెంటు పోయి అందరం డాబా ఎక్కితే, మా బావ ఈగల్స్ అనే అమెరికన్ బ్యాండు పాడిన హోటల్ కాలిఫోర్నియా పాటలోని రహస్యాల గురించి గంటసేపు ఊదరగొట్టాడు. సైతానట, పిచ్చాసుపత్రట, ఇంకా ఏవేవో. మావయ్య విసనకర్ర ఆపి "అది సరేగానీ, ఆ పాట పెట్టేదేమైనా ఉందేటి?" అన్నారు. అప్పుడు గానీ గుర్తురాలేదు, ఇంతసేపూ పాట ఎవరూ పెట్టలేదని.

బావది కొత్త జబ్బేం కాదు. 1963 డిసెంబరులో లండన్ టైమ్స్ సంగీత విమర్శకుడు విలియం మాన్, ఇంగ్లిష్ బ్యాండు బీటిల్స్ పాట ఒకదాని చివర 'ఇయోలియన్ కేడెన్స్' (స్వరాలు ముగిసే ఒక పద్ధతి) ఉందని, పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త మాలర్ కృతి కూడా అలాగే ముగుస్తుందని రాశాడు. అవేంటో తనకిప్పటికీ తెలియదని, ఏవో వింత పక్షుల పేర్లలా ఉన్నాయని బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ చాలా ఏళ్ల తర్వాత కూడా ఎగతాళి చేశాడు. నన్నడిగితే మాన్ తప్పేం లేదు. ఆయన కనీసం పాట విన్నాడు, స్వరాల గురించే మాట్లాడాడు.

గొడవంతా మాటల దగ్గరొచ్చింది. 1966లో పాల్ విలియమ్స్ అనే కాలేజీ కుర్రాడు అమెరికాలో క్రాడాడీ అనే రాక్ సంగీత పత్రిక పెట్టాడు, మరుసటేడు రోలింగ్ స్టోన్ పత్రిక వచ్చింది, అదే 1967లో బీటిల్స్ సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ అట్ట వెనకాల సాహిత్యం మొత్తం అచ్చేసి ఇచ్చారు. కాగితం చేతికొచ్చాక ఇంకేముంది, పాట కాస్తా పద్యమైపోయింది. లెనన్ చదివిన బడిలోనే వాళ్ల పాటలకి అర్థాలు చెప్పిస్తున్నారని ఓ పిల్లాడు ఉత్తరం రాస్తే, ఇదిగో దీనికి చెప్పండి చూద్దాం అన్నట్టు 'ఐ యామ్ ద వాల్రస్'లో కావాలనే అర్థంపర్థం లేని మాటలు కూర్చాడు. మరుసటేడు ఇంకో పాటలో వాల్రస్ అంటే తన బ్యాండులోని పాల్ మెకార్ట్‌నీయే అని ఆటపట్టించాడు. 1969లో అభిమానులు దాన్నే సాక్ష్యంగా పట్టుకుని పాల్ మెకార్ట్‌నీ చచ్చిపోయాడని తేల్చేశారు! అబ్బే రోడ్ ఆల్బమ్ అట్ట మీద అతని కాళ్లకి చెప్పుల్లేవు కదా, అది ఇంకో రుజువట. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాసిన మన మల్లినాథసూరి ముందే ఒట్టేసుకున్నాడు, వీళ్లకా బాధ లేదు.

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టేప్‌రికార్డర్‌లో హిందీ, ఇంగ్లిష్ వింటూ పెరిగిన మాలాంటివాళ్లం సగం పాటలు మాటలు తెలియకుండానే నేర్చుకున్నాం. గిటార్ ఎక్కడ లేస్తుందో తెలుసు, అక్కడ నోటికొచ్చింది పాడేవాళ్లం.

మాటలు వినపడకపోతే కంగారుపడింది అమెరికా పోలీసులు. కింగ్స్‌మెన్ అనే బ్యాండు 1963లో పాడిన 'లూయీ లూయీ'లో బూతులున్నాయని ఫిర్యాదులొస్తే, ఎఫ్‌బీఐ రికార్డుని రకరకాల వేగాల్లో తిప్పి తిప్పి విని, రెండేళ్లకు పైగా ఫైలు నడిపి, ఏ వేగంలోనూ ముక్క అర్థం కాలేదని రాసుకుంది. నిజానికి అది తన పిల్ల కోసం బెంగపెట్టుకున్న ఓ నావికుడి గోడు. కాకపోతే పాట మొదలైన నిమిషంలోపే డ్రమ్మర్ చేయి తడబడి, వెనకనుంచి ఒక అసలైన బూతు అరిచాడంటారు. ఎఫ్‌బీఐకి అదొక్కటే వినపడలేదు.