మందు మానేశాక తీపి మీదకు మనసెందుకు పోతుంది? అపోహలు - వాస్తవాలు

నేను తాగుడు మాన్పించే డీ-అడిక్షన్ వార్డులో డైటీషియన్‌ని. డిశ్చార్జ్ అయి వెళ్లిన మొదటి నెలలో కుటుంబాలు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మేడం, మందు ముట్టుకోవడం లేదు, సంతోషమే. కానీ ఎన్నడూ తీపి తినని మనిషి ఇప్పుడు పిల్లల చాక్లెట్లు కూడా వదలడం లేదు. ఇదేమన్నా కొత్త జబ్బా?" జబ్బు కాదు. తాగుడు మానినవాళ్లలో చాలామందికి ఇలాగే ఉంటుంది. దీని గురించి జనంలో తిరిగే మాటల్లో కొన్నిటివల్ల పెద్ద నష్టం లేదు, ఒకటి మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది. దాని గురించి కాస్త ఎక్కువే రాశాను, ఓపిగ్గా చదవండి.

అపోహ: మందులో చక్కెర ఉంటుంది, అది ఆగిపోయింది కాబట్టి ఒళ్లు చక్కెర అడుగుతోంది.

వాస్తవం: విస్కీ, బ్రాందీ, రమ్ములో చక్కెర దాదాపు ఉండదు. మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసినా ఆ తీపి పులిసి ఆల్కహాల్‌గా మారిపోతుంది. ఒళ్లు వెతుక్కుంటున్నది కేలరీలను. ఒక గ్రాము ఆల్కహాల్‌కు 7 కేలరీలు. 42.8 శాతం ఉండే 180 ఎం.ఎల్. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే 420 కేలరీలు. ఆరేడు ఇడ్లీలు తిన్నంత. రోజుకు రెండు క్వార్టర్లు తాగే మనిషికి 840 కేలరీలు అలా వస్తాయి, అందులో ప్రొటీన్ లేదు, విటమిన్ లేదు. కడుపు మాత్రం నిండినట్టే ఉంటుంది కాబట్టి అన్నం సగంలో లేస్తాడు, కొన్నాళ్లకు రాత్రి భోజనమే మానేస్తాడు.

మందు ఆపిన రోజు నుంచి సాయంత్రం ఏడింటికి ఆ 840 కేలరీలు రావు. ఆకలేస్తుంది. కానీ ఏళ్ల తరబడి ఆ టైముకు వేసే ఆకలిని గ్లాసుతో తీర్చుకున్నవాడికి అది ఆకలని తెలియదు. చిరాకు, గుండెలో గాభరా, ఏదో కావాలనిపించడం, అంతే తెలుస్తుంది. చేతికి మొదట దొరికేది తీపి.

మెదడు సంగతి కూడా ఉంది. తాగినప్పుడు మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలై హాయి కలుగుతుంది. తీపి తిన్నప్పుడూ అదే జరుగుతుంది, కాకపోతే తక్కువగా. మందుకు అలవాటు పడ్డ మెదడుకు మానేసిన కొత్తలో మిగతా సంతోషాలన్నీ చప్పగా ఉంటాయి. సినిమా చూసినా, పిల్లలతో ఆడుకున్నా మనసు నిండదు. మైసూర్ పాక్ ముక్క మాత్రం వెంటనే కొంచెం ఊరటనిస్తుంది.

అపోహ: ఒక వ్యసనం పోయి ఇంకోటి పట్టుకుంది.

వాస్తవం: తీపి ఆపితే ఎవరికీ ఫిట్స్ రావు, తీపి తిని ఎవరూ బండి మీద నుంచి పడరు, ఇంట్లోవాళ్లను కొట్టరు. చక్కెర వ్యసనం అనేది డాక్టర్లు వాడే జబ్బుల జాబితాల్లో లేదు. తాగుడు మానడానికి ఒకరికొకరు సాయపడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం వాళ్లయితే మానేసిన కొత్తలో జేబులో చాక్లెట్ పెట్టుకోమని ఎప్పటి నుంచో చెబుతున్నారు. మొదటి కొన్ని వారాలు నేనూ తీపిని కట్టడి చేయను.

నాకు బాధ కలిగించేది ఇంట్లో జరిగే గొడవ. లడ్డూ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తారు. "మందుకు తగలేసింది చాలక ఇప్పుడు స్వీట్లకా?" అని అత్తగారి ముందు అనేస్తారు. ఆ మాట పడ్డ మనిషి లేచి బయటికి వెళ్తాడు, వెళ్లే దారిలో వైన్ షాపు ఉంటుంది. అక్కా, మీ కోపం నాకు అర్థమవుతుంది, ఏళ్లుగా పడ్డవాళ్లు మీరు. కానీ ఈ నెల రోజులు లడ్డూ గురించి మాత్రం ఏమీ అనకండి.

అలాగని ఏడాది పొడవునా ఇలాగే తినమని కాదు. తాగినవాళ్లలో చాలామందికి లివర్‌లో అప్పటికే కొవ్వు చేరి ఉంటుంది, చక్కెర అతిగా తింటే అదీ కొవ్వుగానే పేరుకుంటుంది. రెండో నెల నుంచి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

అపోహ: చేతులు వణుకుతున్నాయంటే షుగర్ పడిపోయింది, గ్లూకోజ్ ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: పైన చెప్పిన ప్రమాదం ఇదే. మందు ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. ఇవి విత్‌డ్రాయల్ లక్షణాలు, అంటే అలవాటైన మందు ఆగినందుకు ఒళ్లు తిరగబడటం. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజ్ సెలైన్ పెట్టిస్తారు. సీసా ఎక్కితే బలం వస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం.

గ్లూకోజ్ శక్తిగా మారాలంటే థయమిన్, అంటే విటమిన్ బీ1 కావాలి. తాగేవాళ్లు తినేది తక్కువ, తిన్నదాంట్లోని బీ1 పేగుల్లోంచి ఒంటికి పట్టేది ఇంకా తక్కువ, లివర్‌లో దాచుకునేదీ తక్కువే. అలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజ్ వెళ్తే మిగిలిన ఆ కాస్త బీ1 కూడా అయిపోతుంది. మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. దీన్ని వెర్నికే ఎన్‌సెఫలోపతి అంటారు. కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడిస్తే కాళ్లు తడబడతాయి, ఎక్కడున్నాడో ఏ రోజో చెప్పలేడు. చూసేవాళ్లకు మళ్లీ దొంగతనంగా తాగినట్టే ఉంటుంది. అందుకే "దిగేదాకా పడుకోబెట్టండి" అనేస్తారు, విలువైన గంటలు పోతాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

అందుకని సెలైన్ పెట్టే ముందు ఒక్క మాట అడగండి: "బీ1 ఇంజెక్షన్ ఇచ్చారా?" గ్లూకోజ్‌కు ముందుగానో, దాంతోపాటో అది పడాలి. ఒక్క జాగ్రత్త, గ్లూకోమీటర్‌లో రీడింగ్ నిజంగా 70 కంటే తక్కువ ఉంటే మాత్రం బీ1 కోసం ఆగకూడదు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీ1 ఆ వెంటనే పడేలా చూడండి.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఇంట్లో ఉండి ఒక్కసారిగా ఆపేయకూడదు. ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి, మతిభ్రమించి ఏవేవో కనిపించడం రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అందులో అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రల పొడి కలుపుతారు, అది హఠాత్తుగా ఆగినా ఫిట్స్ వస్తాయి.

అపోహ: బెల్లం, తేనె అయితే ఎంత తిన్నా పర్లేదు.

వాస్తవం: బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. కేలరీలూ దాదాపు అంతే. రుచి నచ్చితే తినండి, ఔషధంలా భావించి గడ్డలు గడ్డలు తినకండి.

అపోహ: మందు బదులు కూల్ డ్రింక్ తాగితే మంచిదే.

వాస్తవం: 250 ఎం.ఎల్. కూల్ డ్రింక్‌లో పాతిక గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. నాకు చక్కెర కంటే గ్లాసు గురించే ఎక్కువ భయం. డిస్పోజబుల్ గ్లాసు, అందులో నల్లటి కూల్ డ్రింక్, పక్కన మిక్చర్ ప్యాకెట్, టైము ఏడున్నర, చుట్టూ పాత దోస్తులు. మందు ఒక్కటే లేదు, మిగతా అంతా పాతదే. మెదడు ఆ ఒక్క లోటునూ పూడ్చమని పోరుతుంది. తీపి కావాలంటే ఇంట్లో కూర్చుని జిలేబీ తినండి, అది చాలా నయం.

టీ విషయం కూడా చెప్పాలి. మానేసినవాళ్లు రోజుకు ఎనిమిది, పది టీలు తాగడం మామూలు. కప్పుకు రెండు చెంచాల చొప్పున పది కప్పులకు 80 గ్రాముల పైనే చక్కెర అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 50 గ్రాములు దాటొద్దని, 25 లోపే ఉంటే మరీ మంచిదని అంటోంది. పైగా సాయంత్రం టీలతో నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు మందు మీదకు మనసు లాగుతుంది. నాలుగు తర్వాత టీ బదులు మజ్జిగ తాగమంటాను.

అపోహ: మనసు గట్టిగా ఉంటే కోరిక అదే పోతుంది.

వాస్తవం: ఖాళీ కడుపుతో మనసు గట్టిగా ఉండదు. మా వార్డులో నేను ముందు చూసేది పొద్దున టిఫిన్ తిన్నాడా లేదా అని. మొదటి వారం కడుపులో మంట, వికారం ఉంటాయి, అప్పుడు రాగిజావ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. కడుపు కుదుటపడ్డాక అసలు పని సాయంత్రం ఐదున్నరకు. పాత తాగుడు టైముకు గంటా గంటన్నర ముందే కడుపులో ఏదో ఒకటి పడాలి. శనగ గుగ్గిళ్లు, ఉడికించిన గుడ్లు, పెసరట్టు, పల్లీలతో అరటిపండు, ఏది వీలైతే అది. ప్రొటీన్ ఉంటే ఆకలి మళ్లీ అంత తొందరగా వేయదు. ఎనిమిదింటికల్లా అన్నం. పెసలు, శనగలు, పల్లీలు, నువ్వులు, దంపుడు బియ్యంలో బీ1 కూడా ఉంటుంది, అయినా డాక్టర్ రాసిన బీ1 మాత్రలు మానకూడదు.

లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లు పడుకోబోయే ముందు కూడా కొంచెం తినాలి. వాళ్ల లివర్ గ్లూకోజ్‌ను నిల్వ చేసుకోలేదు, రాత్రంతా పస్తుంటే ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకు మాత్రం మిక్చర్, పచ్చళ్లు, అప్పడాలు వద్దు, ఉప్పు పడదు.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లకు మందు మానేస్తే రీడింగ్ అదే సర్దుకుంటుంది.

వాస్తవం: ఎటైనా వెళ్లొచ్చు. మందు తాగితే లివర్ కొత్త గ్లూకోజ్ తయారుచేయడం తగ్గిస్తుంది, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని అన్నం తినకుండా తాగితే రాత్రి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మందు ఆపి స్వీట్లు మొదలుపెడితే పెరుగుతుంది. మొదటి నెల ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాలి, రీడింగులు రాసి డాక్టర్‌కు చూపిస్తే మాత్రల డోసు ఆయన మారుస్తారు. వీళ్లకు స్వీటు బదులు జామకాయ, గుగ్గిళ్లు ఇవ్వండి.

అపోహ: ఆకలి పుట్టడానికి, బలానికి అరిష్టం తాగితే మంచిది.

వాస్తవం: అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. తియ్యగా ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర వాడేవాళ్లకు అవి కూడా రియాక్షన్ తెప్పించగలవు. టానిక్ ఏది కొన్నా లేబుల్ చదవండి.

అపోహ: ఈ తీపి పిచ్చి ఇక జీవితాంతం ఉంటుంది.

వాస్తవం: చాలామందిలో వారాలు, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా తగ్గకుండా, బరువు పెరుగుతూ, దేని మీదా ఆసక్తి లేక, రాత్రిళ్లు తిని పడుకోవడమే పనిగా ఉంటే నేను డైట్ చార్ట్ మార్చను, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతాను. మందు కింద అణిగి ఉన్న డిప్రెషన్ ఇలా బయటపడవచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. దగ్గర్లో డాక్టర్ లేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. తాగుడు మాన్పించే కేంద్రాల వివరాలకు 14446. రెండూ ఉచితమే.